ఒక్కనికి అయిదు ఐడీలు

పట్టణ గ్రంథాలయములలో కంప్యూటర్ గది యెవ్వరి కొఱకు ఏర్పడినదో, నేడు ఎవ్వరికి అక్కఱకు వచ్చుచున్నదో తెలియగోరువారు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో ఉద్యోగపరీక్షల గడువులు ముంచుకొనివచ్చు దినములలో ఒక మధ్యాహ్నము అచ్చట కూర్చుండి చూడవలయును. ఇటీవల నేను చూచిన అట్టి గది యొకదానిలో, ఉన్న నాలుగైదు యంత్రములలో ఒకటి చెడి గుడ్డ కప్పుకొనియుండెను. తక్కినవాని యెదుట గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ కొలువునకో, డీఎస్సీకో చదువుచున్న యువతీయువకులు వంతు కొఱకు నిలిచియుండిరి. వారందఱు చూచుచుండగనే పదునాలుగు పదునైదేండ్ల బాలుడొకడు రెండు యంత్రముల నాక్రమించి, ఒకదానిలో మూడు, వేఱొకదానిలో రెండు చొప్పున అయిదు ఐడీలతో ఒకే యాట నాడుచుండెను.

ఆ యాటలోని నేర్పు తెలియనిదే వాని తప్పును తూచుట న్యాయము కాదు. జర్మనీలో 2004లో పుట్టిన ట్రావియన్ వంటి యాటలలో ప్రతి క్రీడాకారునకును ఒక యూరును, కట్టె, మట్టి, ఇనుము, ధాన్యము సమకూర్చు పొలములును గనులును లభించును. వానిని పెంచుకొనుచు, ఇరుగుపొరుగు ఊళ్లతో పొత్తో పోరో నెఱపుచు, నెలల తరబడి సాగింపవలయును. ఒక లోకమున ఒక మనిషికి ఒకే ఖాతా యుండవలెనన్నది అచ్చట మూలనియమము. మన బాలుడు ఈ నియమమును దాటి నాలుగు ఊళ్లను వేఱువేఱు పేర్లతో కట్టి, వాని పంటనంతయు అయిదవదానికి తరలించుచున్నాడు. ఆ అయిదవది ‘మెయిన్ ఐడీ’. తక్కినవి ‘ఫేక్ ఐడీలు’. గ్రంథాలయపు యంత్రము అరగంట కాగానే ఆగిపోవును. మరల తెఱచినచో పాత జాడలన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. కావున వాడు పాస్‌వర్డులను లెక్కల నోటుపుస్తకము చివరి పుటలో వ్రాసికొని, తన కార్డుపై ఒక కుర్చీని, అక్క కార్డుపై మఱియొక కుర్చీని సంపాదించియుండెను. వెనుక నిలిచియున్న యువతి, “తమ్మీ, జర లేస్తవా? హాల్ టికెట్ తీస్కోవాలె” అని యడిగినది. “ఆగక్కా, ఈ ఐడీల ధాన్యం పంపిచ్చి లేస్త” అని వాడు తెరనుండి చూపు మరల్పకయే పలికెను. ఆమె యాగినది. ఆ ధాన్యము చేరిన పిదప మఱియొక ఐడీ వంతు వచ్చినది.

ఆ యువతికి కలిగిన నష్టము కంటికి కనబడును. కంటికి కనబడనిది మఱియొకటి కలదు. గదిలోని యంత్రములన్నియు ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ మీదుగా లోకమును చేరును గనుక, ఆట నడపువారికి అవన్నియు ఒకే చిరునామానుండి వచ్చినట్లు తోచును. ఒకే చిరునామానుండి అయిదు ఊళ్లు లేచి, నాలుగింటి పంట ఒకదానికే పోవుచున్నచో వారు శంకింతురు, ఖాతాలను మూసివేయుదురు. ప్రక్క కుర్చీలో కూర్చుండి ఒకే యొక యూరిని నిజాయితీతో కట్టుకొనిన మఱియొక బాలుని కష్టము కూడ ఆ వేటులో పోవచ్చును. ఇంట సొంత కంప్యూటర్, సొంత కనెక్షన్ కలవానికి ఈ యాపద లేదు. ఒక కనెక్షన్‌ను పదిమంది పంచుకొను బీదపిల్లలకే కలదు. ఒక్కని అయిదు పేర్లు, తక్కిన పదిమందికి ఉన్న ఒక్కొక్క పేరును శంకకు గుఱిచేయుచున్నవి. నాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే.

పేర్లు పెక్కగుటయే దోషమని నేననను. తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా, పాలమూరు సీమలోని ఇటికాలపాడునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను లోకమునకు ఎఱుకపఱచిరి. ప్రతి పేరు వెనుకను ఒక మనిషి యుండుటవలననే ఆ సంఖ్యకు అంతటి బలము చేకూరినది. ఒక్క కవియే పది మాఱుపేర్లతో పద్యములు పంపియున్నచో ఆ సంచికయే నిందకు సాక్ష్యమై నిలిచియుండెడిది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానమునకు, ఫ్లోరైడు నీటి బాధను దేశమునకు చాటుటకై బాధితులు మూకుమ్మడిగా నామపత్రములు వేయగా, పోటీలో 480 మంది నిలిచిరి. బ్యాలెట్ పత్రము పుస్తకమంత యైనది. ఒకే మొఱ వందల పేర్లతో వినిపించినది గాని, అందు కల్పితమైన పేరు లేదు. ఆ యేడే లోక్‌సభ అభ్యర్థి చెల్లింపవలసిన ధరావతు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెరిగినది. నీటిబాధ తీర్చుటకన్న తలుపు బిగించుట పాలకులకు సులభముగా తోచెను.

గ్రంథాలయములలోను అదే పోకడ పొడచూపుచున్నది. నెట్ సెంటర్ల కొఱకు 2011లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములు, గుర్తింపుపత్రము లేనివానికి యంత్రము నీయరాదనియు, ఎవ్వరెప్పుడు వాడిరో యేడాదిపాటు లెక్క యుంచవలెననియు, గదిలోని అడ్డుతెరలు నాలుగున్నర అడుగుల యెత్తునకు మించరాదనియు విధించినవి. మనిషిని మనిషి చూచుచుండవలెనను తలంపు వానియందైనను కలదు. నేను చూచిన గదిలోని కట్టుబాట్లకు ఆ తలంపు లేదు. పెన్‌డ్రైవ్ పెట్టుచోటు మూసిరి, డౌన్‌లోడు నాపిరి, తోచిన సైటునెల్ల నిషేధించిరి. తత్ఫలితముగా, ఫోటోయు సంతకమును ఎక్కింపవలసిన అభ్యర్థి వీధిలోని నెట్ సెంటరునకు పోయి డబ్బిచ్చి దరఖాస్తు నింపుకొనుచుండగా, ఆటగాడు మాత్రము ఇంకొక సందు వెదకికొని అచ్చటనే కూర్చున్నాడు. సభ జరుపుకొనుటకు సైతము ముందుగా అనుమతి వేడవలెనని విధించిన నిజాం నాటి ఉత్తరువు గస్తీ నిషాన్ 53 చెల్లిన సీమ ఇది; 1918లోనే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయమును వెలయించుకొనిన సీమయు ఇదియే. తాళములు పెంచుటయే పాలనమని ఇచ్చటివారు ఎన్నడును ఒప్పుకొనరాదు.

ఆటలనెల్ల వెళ్లగొట్టవలెనను పెద్దలతోను నేను ఏకీభవింపజాలను. పందెపు ఆటల సంగతి వేఱు: తెలంగాణము 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ వంటివానిని నిషేధించినది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమును పందెములను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదపు ఆటలను వేఱుగా చూచినది. పరుల ఆధార్, పాన్ కార్డులతో పందెపు ఖాతాలు తెఱచుట మోసము. దాని విచారణ పోలీసులది. మన బాలుడు అట్టివాడు కాడు. ఏ పొలము ఎన్ని గంటలకు ఎంత పండునో, ఏ బండి ఎప్పుడు చేరునో వాడు కాగితము లేకయే లెక్కించుచుండగా చూచి నేను ముచ్చటపడితిని. వానికి లేనిది తెలివి కాదు, ఇది నీ ఒక్కని గది కాదని దగ్గఱ కూర్చుండి చెప్పు పెద్దదిక్కు.

1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ప్రతి గృహస్థుడును ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాడు. ఆ బాలుని ఇంటివారును, ఆ యువతి ఇంటివారును అందు భాగస్వాములే. వసూలైన సొమ్మును స్థానికసంస్థలు గ్రంథాలయసంస్థలకు జమచేయుటలో జాప్యము చేయుచున్నవను మొఱ చిరకాలముగా వినబడుచున్నది. ఆ సొమ్ము చేతికి వచ్చినచో మొట్టమొదట కంప్యూటర్ గదికి ఒక మనిషిని నియమింపవలయును. క్రొత్త తాళపు సాఫ్ట్‌వేర్ అటుపిమ్మటి మాట. వంతుల పేర్లు గోడపై నల్లబల్లమీద వ్రాసి, ఒక పేరునకు ఒకే కుర్చీ నిచ్చి, దరఖాస్తుల గడువు వారమున ఆట నిలిపి, తక్కిన దినములలో సాయంకాలము ఒక గంటను ఆటకే విడిచిపెట్టి, ఎవ్వరి ఐడీ యేదో అందఱి యెదుట చెప్పించి ఆడింపవలయును. మన బాలుడు అక్క కార్డును అక్కకు తిరిగి యిచ్చివేయవలసినదే. వాని నాలుగు ఊళ్లకు కావలసిన నలుగురు పిల్లలు ఆ గది గుమ్మమువద్ద వంతు కొఱకు నిలిచియున్నారు. వారితో పొత్తు కుదుర్చుకొనుటకు ఆట నియమములు అడ్డురావు.