గింజలు కాని గింజలు

గొర్రె గొంతుగొట్టం మీద ఒక్కొక్కప్పుడు బియ్యపు గింజల వంటి తెల్లని పొక్కులు కనిపిస్తాయి. గేదెలోనూ ఇటువంటివి ఉంటాయి. మన దేశపు పశువైద్యులకు ఇవి పాత పరిచయమే. చూసిన ఇల్లాలు ఆ మాంసాన్ని అవతల పెట్టిస్తుంది. పెట్టించవలసిందే. కాని గొర్రెకు అసలు ముప్పు ఈ కనిపించే గింజలవల్ల కాదు సుమా!

1843లో స్విట్జర్లాండులో మైషర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుక కండలో తెల్లని పోగులు చూశాడు. అవి జంతువులో, బూజో చాలాకాలం తేలలేదు. 1882లో లాంకెస్టర్ ‘సార్కోసిస్టిస్’ అని పేరు పెట్టాడు. గ్రీకు మాట గనుక గంభీరంగా వినిపిస్తుంది గాని, అర్థం ‘మాంసపు తిత్తి’, అంతే!

తిత్తిని చీల్చి చూస్తే అరటిపండు ఆకారంలో వేలకొద్దీ పరాన్నజీవులు. ఏ తిత్తిలోనైనా దాదాపు ఇదే సరుకు. దాన్ని చూసి జాతి చెప్పటం కష్టం. గుట్టంతా పై తొడుగులో ఉంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గొర్రెలోని ఆ పెద్ద గింజ తొడుగు చూస్తే కాలీఫ్లవరు పువ్వులు విచ్చినట్లు ఉంటుంది. అదే గొర్రె కండలో కంటికి ఆనని తిత్తులు మరొక రకం ఉన్నాయి. వాటి తొడుగు మందం 1 నుండి 3 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ కాస్త మేరలోనే దడి కట్టినట్లు వరసగా నిలబడ్డ కణికలు! మామూలు మైక్రోస్కోపులో అవి సన్నని చారలుగా మాత్రమే కనిపిస్తాయి. ఈ ముడతలూ కణికలూ ఎందుకంటారా? తొడుగు కండతో తాకే మేర పెరిగి, ఆహారం పీల్చుకోవటం సులువవుతుందని శాస్త్రజ్ఞుల ఊహ.

తొడుగును బట్టి తిత్తి ఎవరి పుణ్యమో కూడా చెప్పవచ్చు. కాలీఫ్లవరు రకం పిల్లి ద్వారా వచ్చేది. గొర్రెకు దానివల్ల పెద్దగా హాని లేదు. దడి రకం కుక్క ద్వారా వచ్చేది. గొర్రెలు నీరసించటం, చూలు పోవటం దీని పనే. ఈ రెండు జంతువుల చుట్టు తిరుగుడు 1972లో గాని బయటపడలేదు. కుక్క పచ్చిమాంసం తింటుంది, దాని మలంతో గడ్డి చెడుతుంది, ఆ గడ్డి గొర్రె మేస్తుంది.

మనుషులకు గొడ్డుమాంసం, పందిమాంసం పచ్చిగా తింటే పేగుల్లోకి చేరే రకాలు వేరే ఉన్నాయి. బాగా ఉడికిన మాంసంలో ఏదీ బ్రతకదు. కాపరులకు చిక్కల్లా కుక్కతోనే. కోసినచోట పారవేసిన పచ్చి ముక్కలతోనే గొర్రెల రోగం మళ్ళీ మొదలవుతుంది. తిన్న కుక్కకు మాత్రం చీమ కుట్టినట్లయినా ఉండదు.