పొరుగు రాష్ట్రపు కారు

పొందుగుల వద్ద కృష్ణను దాటు మిరపకాయల బస్తాను నీది ఏ రాష్ట్రమని అడుగువారు లేరు. గుంటూరు మిరపయార్డునుండి సరకు దేశము నలుమూలలకును పోవుచున్నది. చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతముల ప్రత్తి అన్యరాష్ట్రముల మిల్లులలో నూలగుచున్నది. ఆ పంట సొమ్ముతో రైతు హైదరాబాదున ఒక పాత కారును కొని అదే వంతెనమీదుగా ఇల్లు చేరెనేని, పరదేశపు సరకు దింపినవానివలె కచ్చేరీల చుట్టును తిరుగవలసివచ్చుచున్నది. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము గుంటూరును హైదరాబాదును ఒకే ప్రభుత్వము క్రింద నుండెను. నాడు ఈ చిక్కు లేదు.

వాహనములపై పన్ను వేయు అధికారమును రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు రాష్ట్రముల కొసగినది. దానిని మేము ఆక్షేపింపము. రోడ్లకు ధనము కావలయును గదా! కాని జీవితకాలపు పన్ను అను పేరుతో ఒకమారు పుచ్చుకొన్న పిమ్మట, నది దాటగానే కారు మరల జన్మించినట్లు రెండవ రాష్ట్రము వసూలు చేయుట వింతగా నున్నది. కారు వయస్సునుబట్టి పన్ను తగ్గింతురన్నమాట నిజమే. అయినను మొదటి రాష్ట్రమునకు ముందుగా చెల్లించిన సొమ్ములో మిగులును రాబట్టుకొను యాతన పౌరునిదే. రెండు ఖజానాలును తమలో తాము లెక్క చూచుకొనరాదా?

కేంద్ర ప్రభుత్వమువారు ఈ బాధ నెరుగక పోలేదు. 2021 సెప్టెంబరులో భారత్ శ్రేణి నంబర్లను ప్రవేశపెట్టి, రెండేసి సంవత్సరముల చొప్పున పన్ను కట్టు వీలు కల్పించిరి. అది ఎవరికి? ప్రభుత్వోద్యోగులకు, సైనికులకు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములలో కార్యాలయములున్న సంస్థల ఉద్యోగులకు. మిరపచేను గలవానికి నాలుగు రాష్ట్రములలో కార్యాలయము లెక్కడివి?

ఇంతటి శ్రమకు వెరచి మనవారనేకులు అమ్మినవాని పేరుననే కారును నడుపుచున్నారు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ప్రమాదము జరిగిన నాటికి రిజిస్టరులో నెవ్వరి పేరున్నదో వారే యజమానులనియు, నష్టపరిహారపు బాధ్యత వారిదే యనియు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కారు చేతులు మారి యెన్నాళ్లయినను, మార్టూరు రోడ్డుమీద నొకడు గాయపడినచో హైదరాబాదున నున్న పాత యజమానికి సమను పోవును. అతడు కొన్నవానిని వెదకికొనుచు వచ్చును. గాయపడినవాని కుటుంబము ఈ యిరువురి నడుమ నలిగిపోవును. పన్ను మిగిల్చితిమనుకొన్నవారు దీని నాలోచించిరా?

కావున ప్రభుత్వములు చేయవలసినది మొదట చెప్పెదము. కారు వెడలిన రాష్ట్రము అనుభవింపని కాలపు పన్నును చేరిన రాష్ట్రమునకు నేరుగా జమకట్టవలయును. తక్కువపడినది మాత్రమే యజమాని చెల్లింపవలయును. ఉభయ తెలుగు రాష్ట్రములును దీనికి ముందడుగు వేయవచ్చును. జలములపై తగవు తీరుటకు తరములు పట్టినను పట్టవచ్చును గాని, కారుపన్ను లెక్కకు ఒక కంప్యూటరు చాలును.

అంతవరకు కొనువారు చట్టమును గమనింపవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అన్యరాష్ట్రపు బండిని అమ్మినవాడు 45 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను మార్పును తెలుపవలయును. అక్కడి రవాణాశాఖ ఇచ్చు నిరభ్యంతర పత్రము, అనగా ఫారము 28, ముఖ్యము. కారుపై అప్పుండినచో అది తీరినట్లు ఫారము 35 కూడ నుండవలయును. ఇవి కంట పడనిదే బయానాకు మించి పైక మియ్యకుడు.