ఆ రెండు మాత్రలు కలిపి వేయవచ్చునా?



"మా ఆయనకు దిగులుకని ఒక మాత్ర, రాత్రికి ఇంకొకటి వ్రాశారు. ఆ రెండవది పిచ్చివాళ్ళకిచ్చేదని మందుల షాపులో అన్నారు. కలిపి వేస్తే ప్రమాదమా?" అని ఒక సహోదరి అడిగారు. మేము వైద్యులము కాము. అయినను తెలిసికొన్నంత వ్రాస్తున్నాము.

మానసిక వైద్యుడే కలిపి వ్రాసినవైతే బెదరనక్కరలేదు. దిగులు ముదిరి, లేని మాటలు చెవిని పడుతున్నా, అందరూ తనకు కీడు తలపెట్టారనే అనుమానం పట్టుకున్నా దిగులు మాత్ర ఒక్కటే తరచుగా చాలదు. అందుకే రెండూ ఇస్తారు. ఫ్లూయోక్సెటిన్, ఓలాంజపిన్ అనే ఈ రెండు రకాల మందులను ఒకే క్యాప్సూల్‌లో పెట్టి అమ్మడానికి అమెరికా 2003లోనే అనుమతించింది. పిచ్చి మాత్ర అని పేరు పెట్టింది మన నోళ్ళే.

అలాగని జాగ్రత్త వద్దని కాదు. ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ వేసుకొనేవారిలో రిస్పెరిడోన్ త్వరగా అరగదు. రక్తంలో అది ఎక్కువై చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం కనబడవచ్చు. ఎస్సిటలోప్రామ్‌తో హాలోపెరిడాల్ కలిస్తే కొందరికి గుండె లయ తప్పవచ్చు. గుండె జబ్బుంటే దాచవద్దు. ఈసీజీ తీయమంటే ఖర్చని మానవద్దు. ఓలాంజపిన్‌తో బరువు, షుగరు పెరగవచ్చు గనుక వాటినీ చూపించుకోవాలి.

బీడీ సంగతి చాలామందికి తెలియదు. పొగ త్రాగేవారి ఒంట్లో ఓలాంజపిన్, క్లోజపిన్ త్వరగా ఖర్చయిపోతాయి. బీడీలు మానితే అదే మోతాదు ఎక్కువై మత్తు కమ్మవచ్చు. మానడం మంచిదే, మన సంఘాలలో అనేకులు మానారు కూడా. ఆ మాట వైద్యుని చెవిన వేయాలి, అంతే.

మేము ఎక్కువగా భయపడేది మరొక దానికి. నడుము నొప్పికని ఊరిలో ట్రామడాల్ తెచ్చుకొంటారు. అది దిగులు మందుతో కలిస్తే మూర్ఛ రావచ్చు. పట్నం డాక్టరు చీటీ ఊరి డాక్టరు చూడడు, ఇక్కడిది అక్కడ చూడరు. చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టుకొని వెళ్ళండి. ఉపవాస ప్రార్థనల పేరున మాత్రలు మానిపించే బోధకులున్నారు. వారితో మేము ఏకీభవించము. ఒక్కసారిగా మానితే జబ్బు తిరగబెట్టవచ్చు.

ఒళ్ళు కాలిపోయే జ్వరం, కర్రలా బిగిసిన కండరాలు, మతి తప్పిన మాటలు కనబడితే మాత్రం తెల్లవారేదాకా ఆగక పెద్దాసుపత్రికి చేర్చాలి.

సహోదరీ, రెండు మాత్రలూ వ్రాసిన ప్రకారమే ఇవ్వండి. మధ్యలో సందేహం వస్తే 14416కు ఫోను చేయండి. 2022 నుండి ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ అది. రాత్రింబగళ్ళు తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.