తలుపులు తెరవమనేవారు టీకా వద్దంటే ఎలా?



2021లో విశ్వాసుల నోట రెండు మాటలు కలిసి వినిపించాయి. "మందిరం పూర్తిగా తెరవండి" అన్నది ఒకటి. "టీకా మాత్రం మాకొద్దు, దేవుడే మా కాపుదల" అన్నది రెండోది. ఈ రెండూ ఒకే నోట రాకూడదు ప్రియులారా.

లేవీయకాండము 13వ అధ్యాయం ప్రకారం కుష్ఠురోగి పాళెము వెలుపల ఉండాలి. "చూశారా, లాక్‌డౌన్ బైబిల్లోనే ఉంది" అంటారు కొందరు. అక్కడే ఆగకండి, 14వ అధ్యాయం కూడా చదవండి. యాజకుడు పాళెము వెలుపలికి వెళ్లి, అతణ్ణి పరీక్షించి, బాగైతే తిరిగి లోపలికి రానిస్తాడు. మూయమన్న ధర్మశాస్త్రమే తెరిచే మార్గమూ చెప్పింది. ఎల్లకాలం మూసి ఉంచమనలేదు. పరీక్ష లేకుండా తెరవమనీ అనలేదు.

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. నెలజీతం వచ్చేవారు ఇంట్లో కూర్చున్నారు. కూలినాలి చేసుకునేవారు పస్తులున్నారు. వలస వెళ్లినవారు బిడ్డల్ని చంకనేసుకుని వందల మైళ్లు నడిచారు. ఫోన్ లేని పిల్లలకు చదువే ఆగిపోయింది. "ఇంకా మూసే ఉంచుదాం" అని తేలిగ్గా అనేవారు ఈ లెక్క కూడా చూడాలి.

అలాగని జాగ్రత్త లేకుండా తెరిస్తే? 2021 ఏప్రిల్, మే నెలలు మరచిపోయారా? ఆక్సిజన్ దొరకక పోయినవారంతా అవిశ్వాసులా? ప్రార్థనాపరులు, దైవసేవకులు కూడా ప్రభువునందు నిద్రించారు.

మూస్తే ఆకలి, ఊరికే తెరిస్తే చావు. మధ్యలో ఉన్న దారి టీకా. లాక్‌డౌన్‌లో పేదలు పడిన కష్టం వల్ల కొంత వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలో టీకా వచ్చింది. ఇప్పుడు వద్దంటే వాళ్ల కష్టం వృథా చేసినట్టే.

"ఇంత త్వరగా చేసిన మందును ఎలా నమ్మాలి?" అని అడగడం పాపం కాదు. 2021 జనవరి 3న హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ ఫలితాలు రాలేదు. అప్పుడు ప్రశ్నించినవారిది న్యాయమే. 2021 జూలైలో ఫలితాలు వచ్చాయి. సుమారు 25,800 మందితో చేసిన పరీక్షలో, లక్షణాలున్న జబ్బును 77.8 శాతం అడ్డుకుందని తయారీ సంస్థ ప్రకటించింది. నూటికి నూరు కాదు, నిజమే. కానీ జవాబు వచ్చాక కూడా అదే ప్రశ్న వేసేవారికి కావలసింది జవాబు కాదు.

ఇక యూట్యూబ్‌లో "ఇది మృగము ముద్ర" అని బోధించేవారి సంగతి. ప్రకటన గ్రంథం 13, 14 అధ్యాయాల్లో ఆ ముద్ర మృగాన్ని పూజించడంతో ముడిపడి ఉంది. పీహెచ్‌సీలో సిస్టరమ్మ ఆధార్ కార్డు అడిగింది గానీ యేసును విడిచిపెట్టమని అడగలేదు.

హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం దొరికింది. అయినా యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ రోగుల సేవకు ఊళ్లోనే ఉండిపోయాడు. మందు వాడాలనీ, అవసరం లేనిచోటికి వెళ్లవద్దనీ రాసింది కూడా ఆయనే. దేవుడు కాపాడతాడులే అని దేవాలయ శిఖరం మీదినుండి దూకమన్నది ఎవరో మీకు తెలుసు.

యౌవనస్థులారా, మీరు వాట్సాప్‌లో పంపే భయాన్ని మన సంఘంలోని ముసలివారు, విధవరాండ్రు నమ్ముతున్నారు. జబ్బు వస్తే తట్టుకోలేనిది వాళ్లే.

మందిరం తెరుద్దాం. కిటికీలూ తెరుద్దాం. మాస్కు పెట్టుకుని ఎడంగా కూర్చుందాం. జ్వరం ఉన్నవారు ఇంట్లోనే ప్రార్థన చేసుకోండి. అంతకంటే ముందు ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకోండి. నడవలేని పెద్దలను మీ బండి మీద ఎక్కించుకుని వెళ్లండి. పొరుగువారిని ప్రేమించడమంటే మనకు ఇదే.

ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.