ఏడాది ఆడిన ఉదయం ఆటను మరిచారా?

చిన్న నిర్మాత అప్పోసప్పో చేసి తీసిన పీరియడ్ సినిమా శుక్రవారం విడుదలైతే, ఆదివారం రాత్రికల్లా తీర్పు వెలువడుతోంది: ‘వసూళ్లు లేవు, ఇలాంటివి మనవాళ్లు చూడరు’. ఈ మాట పచ్చి అబద్ధం. జనం వద్దనుకోవడం వేరు, చూసే వీలే దొరక్కపోవడం వేరు. ఆ రెండింటినీ ఒకే అంకెలో కలిపేసి బాక్సాఫీసు విశ్లేషణ అంటే ఎలా ఒప్పుకుంటాం?

ఇలా తేల్చేసేవారికి ‘మా భూమి’ ఎందుకు గుర్తురాదు? గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి.నర్సింగరావు నిర్మాణ సారథ్యం, తెలంగాణ సాయుధ పోరాట కథ. పేరున్న హీరో లేడు. గద్దర్ గొంగడి వేసుకుని పాడిన పాటే దానికి పెద్ద ప్రచారం. నాలుగున్నర దశాబ్దాల కిందట ఆ సినిమా హైదరాబాద్‌లో ఉదయం ఆటగా ఏడాదిపాటు ఆడింది. రోజుకు ఒక్క ఆట, ఏడాది!

ఇప్పుడు చిన్న సినిమాకూ దక్కేది ఉదయం ఆటే. కానీ నిలవనివ్వరు. నిర్మాత థియేటర్ అద్దె ముందే కట్టాలి, డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలూ భరించాలి. పది టికెట్లు తెగకపోతే ఆ పూట ఆట రద్దు. బాగుందన్న మాట ఊళ్లోకి పాకేలోపే తెర మరో సినిమాకు పోతుంది. నాడు ‘మా భూమి’ని సోమవారమే ఎత్తేసి ఉంటే అదీ ఫ్లాపుల జాబితాలోనే ఉండేది.

హిందీ సినిమా ‘తుంబాడ్’ సంగతి చూడండి. 2018 అక్టోబరులో అంతంతమాత్రంగా ఆడింది. 2024 సెప్టెంబరులో మళ్లీ విడుదలై తొలిసారి వసూళ్లను దాటేసింది. మారింది సినిమా కాదు, దాని గురించి జనానికి తెలియడం.

కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు థియేటర్ యజమానికి భారమే, కాదనను. కానీ చిన్న సినిమాకు రోజుకు ఒక్క ఆట ఇస్తే ఆయన మునిగిపోడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి నాటి జీవో రోజుకు ఐదు ఆటలకు అనుమతిస్తూ, ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒకటి రూ.20 కోట్ల లోపు బడ్జెట్ సినిమాకు ఇవ్వాలంది. భారీ చిత్రాలకు పది రోజులు రేట్లు పెంచుకునే వీలు కల్పించిందీ అదే జీవో. పెంపు కోసం సచివాలయం మెట్లెక్కిన పెద్దల్లో ఒక్కరైనా ఆ చిన్న సినిమా ఆట ఏమైందని అడిగారా?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చిన్న సినిమాకు నాలుగు వారాలపాటు రోజుకో ఆట తప్పనిసరి చేయాలి. రేట్ల పెంపు కోరే ప్రతి భారీ చిత్రానికీ దీన్నే షరతుగా పెట్టాలి. ఆట ఏడాది ఇస్తే ఏడాది చూసిన జనం వీళ్లు. మూడు రోజుల్లో తెర లాగేసుకుని ఆ జనానికి అభిరుచి లేదనడం నిఖార్సయిన దగా. ఆ దగాను అంకెలతో కప్పిపెట్టడం ఇకనైనా ఆపండి.