దానమునకు ముందు ధర్మము

ఆపద వచ్చినప్పుడు గాని మనుజుని గుణము తేటపడదని పెద్దలందురు. వ్యాపార సంస్థలకును ఈ మాట చెల్లును. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి లోకమును చుట్టుముట్టినప్పుడు మన ఆసియా ఖండమునందలి సంస్థలు కొన్ని యేమి చేసెనో, అందు గృహిణులము గ్రహింపదగిన దేమో ఈ మాసమున విచారింతము.

రంతిదేవుని కథ మన మెఱిగినదే. ఆ రాజు ఆకలితో నుండియు తనకు లభించిన అన్నోదకములనే ఆర్తుల కొసగెను. చేతనున్న దానిని అక్కఱకు ఇచ్చుట అందలి సారము. సంస్థల చేతనున్నది ధన మొక్కటియే కాదు. యంత్రములు, నేర్పు, పనివారును గలరు. వానిని లోకావసరమునకు మరల్చుటయే మేలైన సాయమని మా యభిప్రాయము.

జపాను దేశపు షార్పు సంస్థనే చూడుడు. టెలివిజను తెరలపై ధూళికణమైనను పడరాదు గనుక, మియే ప్రాంతమందలి దాని కర్మాగారమున మిక్కిలి పరిశుభ్రమైన గదులుండెను. 2020 మార్చిలో ఆ గదులయందే మాస్కులు చేయ నారంభించిరి. ఏప్రిల్‌లో ఇంటర్నెట్టు ద్వారా అమ్మకము తెఱచినంతనే కొనువారి తాకిడికి అది స్తంభించెను. అంతట ముందు వచ్చినవారికే యను పద్ధతి మాని, చీట్లు తీసి గెలిచినవారికి అమ్మిరి. మొదటి చీటికి 47 లక్షలమంది పేర్లిచ్చిరి!

మన దేశమునకు వత్తము. పుణే నగరమందలి మైల్యాబ్ సంస్థలో మీనల్ దఖవే భోసలే యను శాస్త్రజ్ఞురాలు నిండు చూలాలై యుండియు, రోగపరీక్షా సామగ్రిని సిద్ధముచేయు బృందమును నడిపెను. నెలలు పట్టు పనిని ఆఱు వారములలో ముగించిరి. 2020 మార్చి 18న ఆ సామగ్రిని ప్రభుత్వ పరిశీలనకు అప్పగించి, మఱునాడే ఆమె ఆడశిశువును గనెను. స్త్రీల బుద్ధిబలమునకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

2021లో రెండవ విజృంభణమున ప్రాణవాయువు కొఱతపడెను. ఉక్కు చేయుటకు ప్రాణవాయువు వలయును గనుక ఉక్కు కర్మాగారములు దానిని గాలినుండి వేఱుచేసికొనును. మన విశాఖ ఉక్కు కర్మాగారమున ద్రవరూపమున నింపిన టాంకర్లు ఏప్రిల్ 22న రైలుమీద మహారాష్ట్రమునకు బయలుదేరెను. కొలిమికై నేర్చిన విద్య రోగి యూపిరికి అక్కఱకు వచ్చెను.

ఇవి మెచ్చదగినవే. అయినను సంస్థ యొక్క గుణమును వెలుపలి దానము చేతనే కొలువరాదు. ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత యను సామెత యున్నది గదా! 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద సంస్థలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకహితమునకు వినియోగింపవలెను. మహమ్మారికై చేయు వ్యయమును ఈ లెక్కలో చేర్చవచ్చునని 2020 మార్చిలో ప్రభుత్వము తెలిపెను. అయితే పనులు మూతపడిన దినములకు పనివారి కిచ్చు జీతములను గూడ ఇందు చూపవచ్చునా? చూపరాదని ఏప్రిల్‌లో ప్రభుత్వము స్పష్టపఱచెను. జీతమిచ్చుట యజమానుని విధియే గాని దానము గాదని దాని భావము. అదే కాలమున కూలి దొరకక, అద్దె కట్టలేక, లక్షలాది వలసకూలీలు పిల్లలను చంకనెత్తుకొని స్వగ్రామములకు నడచిపోయిరి. వారి యజమానులు కూలి చెల్లించియుండినచో ఎందఱకో ఆ నడక తప్పియుండును. ఆ పిమ్మట త్రోవలో పంచిన పులిహోర పొట్లము ఆకలి తీర్చునే గాని ఆ బాకి తీర్చదు.

సోదరీమణులారా! మన యిండ్లును చిన్న సంస్థలే. పత్రికలలో ఫలానా సంస్థ ఇన్ని కోట్లు విరాళమిచ్చెనని చదివినప్పుడు, దాని పనివారికి ఆ నెలల కూలి ముట్టెనా యని మనము ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్నయే మన గడపలోనికిని వచ్చును. రాకపోకలు నిలిచిన ఆ నెలలలో, రాలేకపోయిన పనిమనిషికి జీతము పంపిన యిల్లాండ్రు కలరు; మానినవారును కలరు. రేపు మఱియొక యాపద రావచ్చును. అప్పుడు మన యింటి లెక్క సరిగా నుండవలెను. వాకిట నిలిచిన బిచ్చగానికి పిడికెడు బియ్యము వేయుట పుణ్యమే. పనిమనిషి జీతమును మాత్రము పుణ్యపు పద్దున వ్రాసికొనరాదు.