తాండూరు పేరు ఎవరి సొత్తు?

వికారాబాదు జిల్లాలోని తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. నల్లరేగడియు, రైతు చెమటయు గూడి ఆ పప్పునకు రుచి నిచ్చినవి. ఆ పేరు ఏ యొక్క వర్తకుని సొత్తును గాదు. ఆ నేలను దున్నువారి యుమ్మడి యాస్తి.

అయినను, ఎక్కడనో పండిన పప్పును సంచిలో బోసి, పైన “తాండూరు” అని యచ్చువేసి యమ్ముట యెంత సులభము! అంగడిలోనైన గింజను చేతబట్టి చూడవచ్చును. అంతర్జాలమున కొనువానికి గనబడునది బొమ్మయు, పేరును మాత్రమే. ఆ పేరే దొంగసొత్తయినచో వాని డబ్బునకు దిక్కేది? నిజమైన పంట పండించిన రైతునకు ధర యేది?

1999 నాటి చట్టము ఇట్టి మోసమునకు మూడేండ్ల వరకు చెఱసాలయు, 2 లక్షల రూపాయల వరకు జుల్మానాయు విధింప నవకాశ మిచ్చుచున్నది. కాని చట్టము తనంత తాను నడువదు. పోచంపల్లి ఇక్కతునకు గుర్తింపు వచ్చి రెండు దశాబ్దములైనను, దారమున కద్దిన రంగును బట్టపై నచ్చొత్తిన నకళ్లు నేటికిని ఆ పేరుతోనే చెల్లుచున్నవి.

కావున తాండూరు రైతులు అధీకృత వినియోగదారులుగా తమ పేర్లు నమోదు చేయించుకొనవలెను. సంచిపై ఆ గుర్తు లేనిదే కొనమని గృహస్థులు పట్టుపట్టవలెను. కాపలా లేని పేరు కంచె లేని చేను వంటిదని మేము హెచ్చరించుచున్నాము.